పసుపు రుమాలు పలక

చిరిల్ పొద్దున్నే లేచి, కాఫీ కాచుకుని, వంటింటి బల్ల మీద కంప్యూటర్ తెరుస్తాడు. రైళ్ల వేళలు చూసే ప్రోగ్రాం అతను రాసిందే. కుర్రతనంలో మొదలుపెట్టాడు. జుట్టు నెరిసినా ఇంకా దానికే అతుకులు వేస్తున్నాడు. అతనిదొక పద్ధతి, రాసినదేదీ చెరపడు. ప్రోగ్రాంలో అక్కర్లేని వరస ముందు రెండు ఏటవాలు గీతలు పెట్టి వదిలేస్తాడు. యంత్రం దాన్ని చూడనట్టే దాటిపోతుంది. వరస మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

"మీ ప్రోగ్రాంలో బతికున్నవాటికంటే పడుకోబెట్టినవే ఎక్కువండీ" అని ఆఫీసులో పిల్లలు నవ్వేవారు.

"ఎప్పుడు ఏది కావాల్సొస్తుందో" అనేవాడు చిరిల్.

సాయంత్రాలు రంగులతో గడిచేవి. తేనెటీగల పెట్టెలకి ముందు బిగించే చెక్క పలకల మీద బొమ్మలు వేసేవాడు. ఈగలు ఆ బొమ్మని బట్టే తమ ఇల్లు పోల్చుకుంటాయి. అతని ఊరు పొద్‌లిపాలో మనుషులూ అంతే. ఎవరి బొమ్మ పలక మీద ఉంటే వాళ్లు ఎంత దూరాన ఉన్నా చీకటి పడేలోగా ఇల్లు చేరతారు. అందుకే ఆ ఊరి ఆడవాళ్లు పెళ్లయిన వారానికే మొగుడి బొమ్మ వేయించేస్తారు.

"వేయించుకుని ఏం బావుకున్నానురా" అనేది పక్కింటి పోల్డా పిన్ని. "ఒక్క సాయంత్రమన్నా ఆ మనిషి మొహం చూడకుండా గడిచిందా."

ఊరందరికీ వేశాడు గాని, చిరిల్ తన బొమ్మ మాత్రం వేసుకోలేదు. అద్దంలో చూసి వేస్తే కుడిఎడమలు తారుమారవుతాయట.

అతని పెళ్లాం తెరెజియా చివరి పెట్టె మీద ఉంది. పసుపు రుమాలు, చేతిలో రేగుపళ్ల బుట్ట. ఆ ఏడాది లిండెన్ చెట్లు పూసే వేళకి ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. పట్నం ఆసుపత్రిలో పెట్టారు. ఇక ఇంటికి పంపేది లేదన్నారు డాక్టర్లు. అయినా సాయంత్రమయ్యేసరికి ఆమె వచ్చేది. ఆసుపత్రి గౌను మీద పసుపు రుమాలు కట్టుకుని, గోడలు పట్టుకుని నడిచి వచ్చేది. నర్సులే తలుపు తీసి పట్టుకునేవారు. మళ్లీ పొద్దున్న మొదటి బస్సులో వెళ్లిపోయేది.

"చారులో ఉప్పెక్కువైంది" అంది ఒకరోజు.

"రెండు చెంచాలు కూడా తినవు, నీకెందుకు?"

ఆమె గిన్నె పక్కకు జరిపింది. "చిరిల్, ఆ బొమ్మ చెరిపెయ్యి."

అతను ఆ గిన్నె మీద మూత పెట్టాడు.

"పొద్దు వాలితే అది నన్ను లాగుతోంది. కాళ్లలో సత్తువ లేదు, గుండెలో ఊపిరి లేదు. అయినా లేచి నడవాలి. నన్ను పడుకుని పోనివ్వడం లేదయ్యా."

"చూస్తాలే."

"నీ 'చూస్తాలే' పెళ్లినాటి నుంచీ వింటున్నా."

మర్నాడు పెట్టె ముందు చాలాసేపు కూర్చున్నాడు. చివరికి సన్న కుంచె తీసుకుని, బొమ్మకి ఎడమ పక్కన రెండు నల్లటి ఏటవాలు గీతలు పెట్టాడు. రుమాలు, బుట్ట, చెంపల ఎరుపు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఆమెనిక లాగదు, బొమ్మా పోదు అనుకున్నాడు.

ఆ సాయంత్రం తెరెజియా రాలేదు. వాన మొదలైంది. పోల్డా పిన్ని తడుస్తూ వచ్చింది.

"ఒరే, నీ పెళ్లాం వంతెన మీద నిలబడిపోయింది. రమ్మంటే రాదు, పొమ్మంటే పోదు."

చిరిల్ గొడుగు లాక్కుని పరుగెత్తాడు, పిన్ని వెనకే వచ్చింది. తెరెజియా కాళ్లు వంతెన చెక్కలకి అతుక్కున్నట్టున్నాయి. రుమాల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏం చేశావు?"

"రెండు గీతలు పెట్టాను."

ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. "నాకు కూడానా" అంది, ఊపిరి అందాక.

పోల్డా పిన్నిని గొడుగు పట్టమని చెప్పి ఇంటికి వచ్చాడు. ఒక చేతిలో రంగు తుడిచే టర్పెంటైన్ గుడ్డ. గీతలు రెండూ తుడిస్తే చాలు, ఆమె ఇంటికి వచ్చేస్తుంది. రేపూ వస్తుంది. ఎల్లుండీ వస్తుంది, అలాగే గోడలు పట్టుకుని. అతను గుడ్డ కింద పెట్టి, మైనం గీకే ఇనప పట్టీ తీసుకున్నాడు. ముందు బుట్ట గీకాడు. తర్వాత చేతులు. మొహం దగ్గర ఆగి, కళ్లు మూసుకుని గీకాడు. రుమాలు పసుపు రంగు గోళ్లలో ఇరుక్కుంది.

"వెళ్లిందిరా" అంది పోల్డా పిన్ని తిరిగొచ్చి. "కాళ్లు తేలికయ్యాయంది. పట్నం వెళ్లే ఆఖరి బస్సెక్కి, కిటికీకి తల ఆనించుకుంది."

పొద్దున ఆసుపత్రి వాళ్లు ఫోను చేశారు. నిద్రలోనే పోయిందట.

ఊరి ఆచారం ప్రకారం చిరిల్ ఒక్కో పెట్టె మీదా వేలితో తట్టి, ఇంటి ఇల్లాలు పోయిందని ఈగలకి చెప్పాడు. చివరి పెట్టె ఈగలు వినే స్థితిలో లేవు. బోడి చెక్క ముందు గుంపుగా తిరుగుతున్నాయి. ఈగలు ఎగిరే కాలంలో పలక మార్చకూడదని ఊళ్లో చంటిపిల్లలకీ తెలుసు.

పొద్దు వాలేసరికి అవి ఒక్కొక్కటే పక్క పెట్టెల్లోకి సర్దుకున్నాయి. వీధిలో మగవాళ్లందరూ ఇళ్లకి వస్తున్నారు.

"లోపలికి పోరా, చీకటి పడుతోంది" అని కంచె అవతల నుంచి పోల్డా పిన్ని కేకేసింది.

చిరిల్ అక్కడే నిలబడ్డాడు. అతన్ని లాగే పలక ఊళ్లో ఎక్కడా లేదు.