బాణం గుర్తు

తమ్ముడు చనిపోయిన నెలకి, మరదలు వాడి గిటార్ ఆంప్లిఫయర్ పట్టుకుని బావగారి రిపేరు షాపుకి వచ్చింది. స్విచ్ సరిగ్గా పడటం లేదట.

వెనక చెక్క విప్పగానే బావగారికి ఒళ్ళు మండింది. ఫ్యాన్ తిరగేసి బిగించి ఉంది. బయటి చల్లగాలిని లోపలికి ఊదాల్సింది పోయి, లోపలి వేడిని బయటికి తోసేలా పెట్టాడు వెధవ.

"గాలి ఎటు పోవాలో బాణం గుర్తు వేసి మరీ ఇచ్చారు కదరా! కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్?" అని, లేనివాణ్ణి అలవాటు కొద్దీ తిట్టి, స్విచ్‌తో పాటు ఫ్యాన్ కూడా సరిచేశాడు.

మరదలు ఆన్ చేసి, వెనక రెండు చేతులూ పెట్టి చూసింది. ఆమె మొహం వాడిపోయింది.

"వెచ్చగాలి రావట్లేదు బావగారూ. చలికి వేళ్ళు కొంకర్లు పోయి నేను కీబోర్డు వాయించలేకపోతున్నానని, ఆయనే అలా తిప్పి పెట్టారు."

బావగారు మళ్ళీ మరలు విప్పాడు. ఈసారి పొరపాటు రాకూడదని ఫ్యాన్ మీది దుమ్ము తుడిచాడు. బాణం కింద పెన్సిల్‌తో, కోడి కెలికినట్టుండే తమ్ముడి రాత.

"తిట్టుకుంటే తిట్టుకో అన్నయ్యా, ఫ్యాన్ మాత్రం తిప్పకు."