బల్లను దించండి

ముగ్గురు విద్యార్థులూ అటెండరూ కలిసి చక్రాల కుర్చీతో సహా ఆమెను కాలేజీ ఆఫీసు మూడో అంతస్తుకు చేర్చేసరికి నామినేషన్ల కౌంటర్ మూసి ఉంది. ఒంటిగంట కావడానికి ఇంకా అయిదు నిమిషాలుంది. అయినా గుమాస్తా లోపలినుంచే, భోజనాల వేళ, రెండున్నరకి రమ్మన్నాడు. ఆమె వెళ్ళగలిగే మరుగుదొడ్డి పైన లేదు. మళ్ళీ దించక తప్పలేదు.

అరవై నాలుగు మెట్లు. ఇరవై ఆరేళ్ళుగా ఫైళ్ళు మోస్తున్న అటెండర్‌కి ఆ లెక్క కాళ్ళకే తెలుసు. సగం దిగాక రిజిస్ట్రార్ ఎదురొచ్చాడు. చెవి దగ్గర ఫోను. ఆగమన్నట్టు చెయ్యి ఊపి, అక్కడే నిలబడి మాట్లాడటం మొదలుపెట్టాడు. కుర్చీని వాలుగా పట్టుకుని నలుగురూ గోడకి అతుక్కుపోయారు. ఆమె కాలి చెప్పు జారిపోతుంటే ఒక కుర్రాడు ఎవరూ చూడకుండా మోకాలితో ఆపాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

అటెండర్ భార్య కూడా, మంచానపడ్డ ఆఖరి నెలల్లో, ఆయన ఎత్తుకున్నప్పుడల్లా అలాగే కళ్ళు మూసుకునేది. నొప్పి అనుకునేవాడు. నొప్పి కాదని ఆ మెట్టుమీద, చాలా ఆలస్యంగా, తెలిసింది.

కుర్చీలోని అమ్మాయి లా చదువుతోంది. అందరూ లాయరమ్మ అంటారు. విద్యార్థి సంఘం అధ్యక్ష పదవికి నిలబడుతోంది. ఆరోజుకి మళ్ళీ పైకి ఎక్కనంది. గడువు రేపు మూడింటికి. అభ్యర్థే వచ్చి గుమాస్తా ఎదుట సంతకం చెయ్యాలి. కౌంటర్‌ని కిందికి మార్చమని రెండేళ్ళుగా అర్జీలు పెడుతూనే ఉంది. పరిశీలనలో ఉందని జవాబు వస్తూనే ఉంది.

సాయంత్రం సైకిళ్ళ షెడ్డులో మీటింగు. యాభైమంది వచ్చారు. చూపులేని కుర్రాడు తన కష్టం చెప్పాడు. నోటీసులన్నీ గోడకి అంటిస్తారు, ఎవరైనా దయతలచి చదివితేనే తనకి పరీక్ష తేదీ తెలుస్తుంది. కూలివాళ్ళ ఇంటినుంచి వచ్చిన అమ్మాయి, తన యాసని గుమాస్తా ఎలా అనుకరిస్తాడో చేసి చూపించి, నవ్వబోయి ఆగిపోయింది. ఎవరి మెట్లు వాళ్ళకున్నాయి.

గొంతు పెద్దదని ‘మైకు’ అని పేరుపడ్డ కుర్రాడు లేచాడు. రేపు రెండువందల మందిమి కలిసి, నినాదాలతో, లాయరమ్మని భుజాలమీద పైకి తీసుకెళ్దామన్నాడు. చప్పట్లు పడ్డాయి.

“నేనేమన్నా బీరువానా, ఎత్తి పైన పెట్టడానికి?” అంది లాయరమ్మ.

అందరూ నవ్వారు. మైకు చిన్నబుచ్చుకున్నాడు. “నీకోసమే కదక్కా. మాకేం బరువు కాదు.”

“మీకు కాదురా, నాకు బరువు. రెండేళ్ళుగా మీరు మోస్తున్నారు కాబట్టే వాళ్ళకి మెట్లు కనబడట్లేదు.” ఒళ్ళోని నిబంధనల పుస్తకం తెరిచింది. “కౌంటర్ వద్ద స్వయంగా హాజరు కావలెను. ఇంతే ఉంది. కౌంటర్ ఎక్కడుండాలో రాయలేదు. నన్ను ఎత్తొద్దు. బల్లను దించండి.”

వాదన చాలాసేపు సాగింది. కాలేజీనుంచి తీసేస్తారని కొందరు భయపడ్డారు. ముందు ఎన్నిక గెలిచాక చూద్దామని కొందరన్నారు. గెలవాలంటే ముందు కాగితం ఇవ్వాలి కదా అని యాస అమ్మాయి అడిగింది. చివరికి మైకే తల గోక్కుంటూ, దించిన బల్లని ఎక్కడ వేస్తామన్నాడు. చూపులన్నీ షెడ్డు చివర నిలబడ్డ అటెండర్ మీదికి తిరిగాయి. విరిగిన కుర్చీలు పడేసిన కింది గది తాళంచెవి ఆయన గుత్తిలోనే ఉంది. రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్ళుంది.

“బాబాయ్, నీ ఉద్యోగం...” అంది లాయరమ్మ.

“గది ఊడ్వాలి తల్లీ,” అన్నాడాయన. “వీళ్ళని పొద్దున్నే రమ్మను.”

మర్నాడు రెండున్నరకి మైకు కౌంటర్ ముందు వినయంగా చేతులు కట్టుకున్నాడు. “గుమాస్తాగారూ, మీరు లేస్తారా, కుర్చీతో సహా దించమంటారా?”

మోయించుకోవడం గుమాస్తాకి ఇష్టం లేకపోయింది. తన కాళ్ళతోనే దిగాడు. వెనకాలే బల్ల, స్టాంపు, ఫారాల కట్ట చేతులు మారుతూ వచ్చాయి. రెండు ముప్పావుకి లాయరమ్మ తన చేతులతో తన చక్రాలు తిప్పుకుంటూ గదిలోకి వచ్చి సంతకం చేసింది. గుమాస్తా స్టాంపు చేతిలో పట్టుకుని, సారు ఆర్డరు కావాలని నసిగాడు.

పైనుంచి రిజిస్ట్రార్ కేకేశాడు. బల్ల పైకి తేవాలి, లేకపోతే ఒక్కొక్కరి పేరూ కొట్టేస్తాను, మీ నాయకురాల్ని వచ్చి మాట్లాడమనండి.

లాయరమ్మ మెట్ల దగ్గరికొచ్చి తలెత్తింది. “నాయకురాలు కిందే ఉంది సార్. మీరే దిగి రండి.”

విద్యార్థులు మెట్లకి రెండువైపులా కూర్చుని మధ్యలో దారి వదిలారు. ఆయన మొదటి అడుగు వెయ్యగానే చూపులేని కుర్రాడు ఆ చప్పుడు విని “ఒకటి” అన్నాడు. రెండోదానికి పదిమంది గొంతు కలిపారు. ఇరవైకల్లా భవనమంతా లెక్కపెడుతోంది. ఎవరూ వెక్కిరించలేదు. లెక్కపెట్టారు, అంతే. అరవై నాలుగు అనేసరికి ఆయన రొప్పుతున్నాడు. అటెండర్ ఒక స్టూలు జరిపి, గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చాడు.

“కౌంటర్ దగ్గరే ఉన్నాను సార్,” అంది లాయరమ్మ, మళ్ళీ బల్ల ముందుకి వచ్చి. “మూడు కాలేదు.”

గుమాస్తా గడియారం చూశాడు, సారుని చూశాడు, గది బయట జనాన్ని చూశాడు. స్టాంపు వేశాడు.

తెల్లారి వాచ్‌మన్ వచ్చాడు. అటెండర్ని సస్పెండ్ చేశారు, మూడో అంతస్తుకొచ్చి కాగితం తీసుకోవాలట. ఇరవై ఆరేళ్ళలో పిలిస్తే ఎక్కకుండా ఉన్న రోజు లేదు. కాళ్ళు అలవాటుగా లేవబోయాయి. ఆయన వాటిని ఆపి, బల్ల పక్కనే కూర్చున్నాడు.

“కౌంటర్ ఇక్కడుంది. కాగితం ఇక్కడికే తెచ్చి ఇమ్మను.”

లాయరమ్మ కుర్చీ వచ్చి ఆయన పక్కన ఆగింది. మైకు క్లాసులన్నీ తిరిగి వచ్చాడు. నిన్నటికి రెట్టింపు జనం మెట్లమీద సర్దుకుని కూర్చున్నారు. పైన తలుపు తెరుచుకుంది. బూటు చప్పుడు వినబడింది.

“ఒకటి,” అన్నారందరూ.