చింతపండుతో తోమిన రేకులు

ఆ షెడ్డు అక్కడ కట్టాలని ఎవడికి తోచిందో గానీ, వాడి ఇల్లు బంగారం గానూ! ఎటు చూసినా ఇసుక, సరుగుడు తోపు, దాని వెనక సముద్రం. పలకరించే నాథుడు లేడు. అరవై ఎనిమిదిలో నేను ఆ షెడ్డుకి కాపలాదారుణ్ణి. రాకెట్లలో వాడే యాసిడ్‌ను ఏ లోహపు పీపాల్లో నిలవ చేయొచ్చో తేల్చడానికి, గాజు జాడీల్లో యాసిడ్ పోసి అల్యూమినియం రేకులు ముంచి పెట్టారు. ఆఫీసరు కామాక్షయ్యగారు నెలనెలా వచ్చి, రేకులు ఎంత అరిగాయో తూచి చూసేవారు.

నా భార్య పుష్పకుమారి ఆ ఒంటరితనం భరించలేక కోవూరులో పుట్టింటికి వెళ్ళిపోయింది. "మనుషులుండే చోట ఇల్లు తీసుకో, ఆ పూటే వస్తా" అంది. ఆమె లేకుండా నాకు ముద్ద దిగేది కాదు. ఈసారి తూకం బాగుంటే పరీక్ష ముగిసినట్టేనని, గూడూరులో పనీ ఇల్లూ ఇప్పిస్తాననీ కామాక్షయ్యగారు మాటిచ్చారు. కబురందగానే పుష్ప మూటతో వచ్చేసింది.

ఆయన వచ్చే రోజు రేకులు తీసి, కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి నీళ్ళకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అవి తళతళా మెరుస్తున్నాయి.

"సత్తు రేకులు అట్టా మసకబారి ఉంటే ఆయనేమనుకుంటాడయ్యా? చింతపండూ ఇసకా వేసి తోమినా" అంది పుష్ప. ఆ మొహంలో సంబరం చూసి, రేకుల్ని మళ్ళీ గుడ్డ మీద వరసగా పేర్చాను.

కామాక్షయ్యగారు వచ్చి చూసి, నన్ను బయటికి పిలిచి తల పట్టుకున్నారు.

"ఆ మసక పొరే కదయ్యా యాసిడ్ తినేయకుండా రేకును కాపాడేది! దాన్ని గీకేస్తే ఇంక తూకమెందుకు? ఎవరు తోమింది?"

"నేనే సార్."

"అయితే మళ్ళీ మొదట్నించీ. ఇంకో ఏడాది ఇక్కడే పడుండు."

ఆయన వెళ్ళగానే పుష్ప వాకిట్లోకి వచ్చింది. "గూడూరికి ఎప్పుడు పోతాం?"

"ఇంకో ఏడాది."

"ఎందుకంట?"

చెబితే బతికినన్నాళ్ళూ కుమిలిపోతుంది. "ఏమో, తూకం కుదరలేదంట" అన్నాను.

"నీకు నాకన్నా ఆ రేకులే ఎక్కువైనాయి. వాటితోనే కాపరం చెయ్యి!" మూట చంకన పెట్టుకుని బయల్దేరింది. తోపు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. పిలిస్తే నిజం చెప్పాల్సి వస్తుందని పిలవలేదు.

పొయ్యి పక్కన ఆమె వాడగా మిగిలిన చింతపండు ఉంది. దాంతోనే పులుసు కాచుకున్నాను. పులుపు ఎక్కువైందని సణగడానికి కూడా ఎదురుగా ఎవరూ లేరు.