ఓబుళమ్మ చేనుకు గుంజలు దించిన గొట్టం

నేను ఒక గొట్టాన్ని. పైన మూత, కింద నోరు, రెండు పక్కలా రెండు చేతులు. ఇంతకు మించి నాలో ఏమీ లేదు. ఇనుప గుంజకు నన్ను తొడిగి, చేతులు పట్టుకుని పైకెత్తి వదిలితే గుంజ భూమిలోకి దిగుతుంది. మళ్లీ ఎత్తాలి, మళ్లీ వదలాలి. అయినా నన్ను ఎంచుకోవడానికి ఇద్దరు మనుషులకు పదకొండు రోజులు పట్టింది.

పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోను. ఎండిపోయిన బోరులోంచి పీకిన గొట్టం ముక్కను. కదిరి రోడ్డులో వెల్డింగు కొట్టు పెట్టుకున్న మౌలాలి నన్ను రెండు మూరలకు కోసి, బరువు కోసం తల మీద విరిగిన ట్రాక్టరు ఇరుసు ముక్క అతికించాడు. పద్నాలుగు కిలోలు తూగాను. ఇంకా బరువైతే మనిషి ఎత్తలేడు, తేలికైతే గుంజ ఖాతరు చేయదు.

కొట్టు ముందర నిలబెడితే ఒకాయన రోకలి అనుకున్నాడు. ఇంకొకాయన నోట్లోకి తొంగిచూసి, పెళ్లిలో టపాసులు కాల్చేదా అని అడిగాడు. ఒక మామిడితోట ఆసామి కొనుక్కుపోయి వారానికే తిరిగి తెచ్చాడు. నా చప్పుడుకు వాళ్ల బర్రె చేపి పాలివ్వడం లేదట.

"తప్పు గొట్టానిది కాదు, బర్రెది" అన్నాడు మౌలాలి.

"బర్రెను వాపసు తీసుకునేవాళ్లు లేరు కదప్పా" అన్నాడు ఆసామి.

ఆ తర్వాత వచ్చింది ఓబుళమ్మ. మొగుడు పోయి ఆరేళ్లు. ఒక్కతే రెండెకరాల చెనిక్కాయ, అదే వేరుశనగ, చేను చేసుకుంటుంది. పక్క రెండెకరాలు మరిది తిరుపాలువి. రెండు చేలకూ మిగతా వైపులంతా రాతికూసాలు పాతిన కంచె ఉంది. మధ్యలో ఉన్న గట్టు మీద మాత్రం లేదు, దాని రెండు కొసలూ తెరిచే ఉన్నాయి. గుట్ట మీది అడవిపందులు కింద వంకలో నీళ్లకు పోతూ ఆ గట్టు వెంబడే దిగేవి. దారిలో ఎడమకు తిరిగితే వదిన చేను, కుడికి తిరిగితే మరిది చేను. రెండేళ్లుగా అవి ఎవరికీ అన్యాయం చేయలేదు. ఇద్దరిదీ సమంగా తవ్విపోసినాయి.

"ఈ యేడు కూడా పోతే చేను బీడు పెట్టి బెంగుళూరికి ఇటుకలు మోయను పోవాల" అని ఓబుళమ్మ మౌలాలితో చెప్పింది. "ఊడలు దిగి కాయ పట్టేలోపల గుంజలు దిగాల నాయనా."

మౌలాలి నన్ను చూపించాడు. ఆమె ఎత్తి చూసింది, వదిలి చూసింది. చాలు అంది. అయితే కంచె ఇద్దరిదీ కాబట్టి మరిది కూడా ఒప్పుకోవాలి. తిరుపాలు ఏదీ ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. చెప్పులు కొనాలన్నా మూడు ఊర్లు తిరిగి, చివరికి ఒట్టి కాళ్లతో వచ్చే రకం.

"పరీక్ష పెడదాం వదినా. ఏది గెలిస్తే దాంతో దించుదాం" అన్నాడు.

పరీక్షకు ముగ్గురం నిలిచాం. తిరుపాలు వాళ్ల సమ్మెట ఒకటి. ఆయనే బాడుగకు తెచ్చిన ఇంజను యంత్రం ఒకటి. నేను. తీర్పు చెప్పడానికి పాత తలారి కదిరప్పను పిలిచారు. ఎక్కువ మాట్లాడడని ఆయనకు పేరు.

మొదట గట్టు మీదికే పోయాం. వానలకు అది కరిగిపోయి ఎక్కడుండేదో ఎవరికీ తెలియదు. ఓబుళమ్మ గుంజ నిలబెట్టగానే తిరుపాలు అడ్డం వచ్చాడు.

"ఈడ దించితే రేపు ఇదే హద్దు అంటావు."

"పరీక్షకే కదా తిరుపాలూ."

"దిగిన గుంజకు పరీక్ష అని తెలుస్తాదా?"

సరే అని నాలుగడుగులు అటు జరిగితే ఈసారి ఓబుళమ్మ ఒప్పుకోలేదు. అక్కడ దించితే రేపు అది మరిది హద్దు అవుతుంది. మధ్యాహ్నం దాకా గుంజను ఇటూ అటూ మోసి, ఎవరికీ హద్దు కాని చోటు ఏదని చూస్తే ఊరి పెంటదిబ్బ కనబడింది.

పెంటదిబ్బలో ముగ్గురం గెలిచాం. సమ్మెట వేసిన ఒక్క దెబ్బకు దాని గుంజ మొత్తం లోపలికి పోయింది. దాన్ని ఇప్పటికీ వెతుకుతున్నారు.

మెత్తటి చోట తేలదని మరునాడు బండ మీదికి తీసుకుపోయారు. బండ మీద ముగ్గురం ఓడిపోయాం. సమ్మెట దెబ్బలకు గుంజ తల చామంతి పువ్వులా విచ్చుకుంది. యంత్రం గుంజను వదిలేసి, గడగడమంటూ ఎగురుకుంటూ తిరుపాలు మీదికి బయలుదేరింది. ఆయన పరుగెత్తలేదు. ఊర్లోవాళ్లు చూస్తున్నారు కాబట్టి పంచె సర్దుకుంటూ వెనక్కి వెనక్కి నడిచి రేగుకంపలో కూర్చున్నాడు.

"నీ యంత్రానికి నువ్వంటేనే ఇష్టం లాగుండాది మరిదీ" అంది ఓబుళమ్మ.

పందులకు ఈ పరీక్షల సంగతి తెలియదు. అవి రోజూ దిగుతూనే ఉన్నాయి. రోజూ పొద్దున్నే ఓబుళమ్మ చేలోకి పోయి, తవ్విపోసిన మొక్కలను మళ్లీ నాటి మన్ను కప్పేది. అవి బతకవని ఆమెకు తెలుసు.

చివరికి కదిరప్పే నోరు తెరిచాడు. "మా వాకిట్లో కొట్టుకోండి."

అక్కడ నేల నేలలాగే ఉంది. సమ్మెటతో గుంజ వంకర పోయింది. యంత్రం సగం దించి పెట్రోలు అడిగింది. నేను నలభై దెబ్బలకు నిట్టనిలువుగా దించాను. ఆ మూడు గుంజలనూ పీకేవాడు లేక కదిరప్ప కోడలు వాటికి తాడు కట్టి గుడ్డలు ఆరేస్తోంది.

"గొట్టమే" అని కదిరప్ప లోపలికి పోయాడు. పదకొండు రోజుల పరీక్షకు ఆయన చెప్పిన తీర్పు అంతే.

నన్ను ఇద్దరూ కలిసి కొన్నారు. ఇక దించడమే అనుకున్నాను. గట్టు దగ్గరికి పోయేసరికి తిరుపాలు తాడు తీశాడు. "ముందు హద్దు కొలవాల. సర్వేయరును పిలుద్దాం. వచ్చే నెలలో వస్తాడంట."

ఓబుళమ్మ చేలోకి దిగింది. ఒక మొక్క పీకి చూసింది. ఊడలు మట్టిలోకి దిగుతున్నాయి. మొక్కను తిరుపాలు చేతిలో పెట్టి, నన్ను భుజానికెత్తుకుంది. గట్టు ఉండేదనుకున్న చోటునుంచి తన చేలోకే ఒక మూర వెనక్కి జరిగి గుంజ నిలబెట్టింది. నన్ను తొడిగింది. ఎత్తింది, వదిలింది. ఠంగుమన్నాను.

"ఏంది వదినా, నీ నేల వదిలేస్తాండావే?"

"నువ్వు తేల్చేదాకా ఇవి ఆగవు తిరుపాలూ. ఒక మూర పోతే పోనీ, మిగతాదన్నా దక్కనీ."

సాయంత్రానికి పదహారు గుంజలు దించింది. చేతులు బొబ్బలెక్కి పగిలాయి. నా చేతులకు తడి తగిలితే చెమట అనుకున్నాను.

తిరుపాలు అక్కడే కూర్చుని మొక్కను తిప్పి తిప్పి చూశాడు. ఆ మూర తీసుకుంటే ఊరు ఏమంటుందో ఆయనకు తెలుసు. తీసుకోకుండా ఊరికే కూర్చుంటే ఊర్లో వదినే పెద్దమనిషి అనిపించుకుంటుంది. మరునాడు వచ్చి వదినను అడిగి నన్ను తీసుకుపోయాడు. తన చేలోకి మూర వెనక్కి జరిగాడు. కాసేపు ఆలోచించి ఇంకో జానెడు జరిగాడు.

"నువ్వెందుకు జరుగుతాండావు?" అంది ఓబుళమ్మ. ఆమెకు కోపం వచ్చింది.

"నా ఇష్టం వదినా. నా నేల."

ఆమె తన గుంజలు పీకి ఇంకా వెనక్కి పోవాలని చూసింది. రాలేదు. నాకు దించడమే తెలుసు, పీకడం తెలియదు. లేకపోతే ఇద్దరూ ఒకరికంటే ఒకరు పెద్దమనుషులు అవుతూ, కంచెలతో సహా చెరొక ఊరికి చేరుకునేవాళ్లు.

గుంజలకు ముళ్లతీగ లాగాక అలా ఒక గట్టుకు రెండు కంచెలు లేచాయి. మధ్యలో ఎవరిదీ కాని సందు మిగిలింది. గుట్టనుంచి వంక దాకా తిన్నగా ఉంటుంది.

మునిమాపు వేళ పందులు దిగాయి. ఓబుళమ్మ ఇటు, తిరుపాలు అటు, పందులను బెదరగొట్టను చేతుల్లో డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు. పెద్ద ఆడపంది ఎడమకు చూసింది, కంచె. కుడికి చూసింది, కంచె. ముందుకు నడిచింది. వెనక పిల్లలు వరసగా నడిచాయి. నీళ్లు తాగి, వచ్చిన దారినే వరసగా పోయాయి.

"మనకంటే నయం" అన్నాడు తిరుపాలు.

నన్ను ఎవరింట్లో పెట్టుకోవాలన్నది తేలలేదు. ఇప్పుడు ఇద్దరూ మర్యాదస్తులు కదా. నీ ఇంట్లో ఉండనీ అంటే నీ ఇంట్లోనే ఉండనీ అన్నారు. చివరికి మిగిలిన గుంజ ఒకటి సందు మధ్యలో దించి, దానికి టోపీలా నన్ను బోర్లించి పోయారు. పందులు పోతూ పోతూ వీపు రుద్దుకుంటాయి. గుంజ కొంచెం ఊగుతుంది, నేను చిన్నగా ఠంగుమంటాను. తుప్పు పట్టడం మొదలైంది. ఇది మంచి ఉద్యోగమే.

ఆ యేడు ఓబుళమ్మ బెంగుళూరికి పోలేదు. చెట్టు పీకితే గుత్తులుగా కాయ. తొలి కాయ ఉడకబెట్టి, పళ్లెం నిండా పోసుకుని కంచె దగ్గరికి వచ్చింది.

"తిరుపాలూ, తింటావా?"

ఆయన అటునుంచి చేయి చాచాడు. ఈమె ఇటునుంచి చాచింది. ముళ్లతీగ ఇద్దరికీ రొమ్ముకు గుచ్చుకుంటోంది. చేయి ఇంకో జానెడు పొడుగుంటే అందేది. ఆయన పెద్దమనిషి కావడానికి జరిగిన జానెడే అది. ఇద్దరూ ఇంకొంచెం వంగారు. పళ్లెం జారి నా తల మీద పడి ఠంగుమంది. కాయలన్నీ సందులో చెల్లాచెదురు అయ్యాయి.

ఏరుకుందామంటే ముళ్లతీగ అడ్డం.

"ఇంటికి రా, ఇంకా ఉండాయి" అంది ఓబుళమ్మ.

తిరుపాలు చుట్టూ తిరిగి ఆమె ఇంటికి పోయాడు. ఆయన అక్కడికి పోవడం ఆరేళ్లలో అదే మొదలు. చీకటి పడేలోపల పందులు వచ్చి, పొట్టుతో సహా నాకేసి పోయాయి. ఆ యేడు వాటికి దక్కిన చెనిక్కాయలు అవే. ఉప్పు కూడా సరిగ్గా పడింది.