ఎర్ర రిబ్బన్ పిన్ను

నేను ఒక స్టీలు పిన్నుని. చూపుడు వేలంత ఉంటాను. చివర ఎర్ర రిబ్బన్ ఉండేది. పైలట్లకు శిక్షణ ఇచ్చే పాత జెట్ విమానంలో, సీటు పక్కన నా చోటు. ప్రమాదం వస్తే పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరే మందుగుండు అక్కడ ఉంటుంది. నేను దూరి ఉన్నంతసేపూ అది పేలదు. ఎగిరే ముందు నన్ను తీస్తారు, దిగగానే పెడతారు. మనుషులు మరిచిపోతారనే రిబ్బన్‌కి ఎరుపు రంగు వేశారు.

మెకానిక్ సత్యానందం నన్ను తీసిన ప్రతిసారీ చెయ్యెత్తి పైలట్‌కి చూపించేవాడు. పైలట్ తల ఊపాకే నిచ్చెన దిగేవాడు. "తీసినవాడు చూపించాలి" అని కొత్తవాళ్లకి చెప్పేవాడు. పద్దెనిమిదేళ్లు ఒక్కరోజూ మానలేదు.

ఆ జెట్లకు కాలం చెల్లింది. చివరి రోజు ఎక్కడెక్కడి నుంచో కెమెరాలతో వచ్చిన అభిమానులు రెక్కలు నిమిరి కళ్లు తుడుచుకున్నారు. తర్వాతి వారం ఆ రెక్కల్నే కోసి లారీకెత్తారు. అది చూడటానికి ఎవరూ రాలేదు. సత్యానందం అధికారిని అడిగి నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు.

అతని కూతురు హెప్సిబా నన్ను బడి సంచికి తగిలించుకుంది. శబ్దం విని ఏ విమానమో చెప్పేది. ఎక్కడ కొత్త రాకెట్‌ని పరీక్షించినా అన్నం ముందు పెట్టుకుని ఫోన్‌లో చూసేది. అది పేలిపోయినా చప్పట్లు కొట్టేది.

"పేలిపోయినదానికి చప్పట్లేంటమ్మా?"

"ఎందుకు పేలిందో ఇప్పుడు తెలుస్తుంది కదా నాన్నా!"

ఇంజనీరింగ్ కాలేజీలో స్నేహితులతో కలిసి మనిషెత్తు రాకెట్ తయారుచేసింది. దాన్ని దూరం నుంచి వెలిగించే మీట పెట్టెకి నా కొలతకే రంధ్రం వేసింది. నేను అందులో ఉంటే కరెంటు పారదు. నన్ను పెట్టాకే ఎవరైనా రాకెట్ దగ్గరికి వెళ్లాలని నియమం రాసింది.

రాకెట్ పరీక్ష రోజు కాలేజీ గ్రౌండ్‌కి ముఖ్య అతిథిగా రంగనాయకులు గారు వచ్చారు. రిబ్బన్ కత్తిరించడానికి బదులు నన్ను లాగమని కాలేజీవాళ్లు ఆయన్ని అడిగారు. లాగారు, ఫోటో దిగారు, నన్ను జేబులో వేసుకున్నారు. మీట నొక్కారు. రాకెట్ కదల్లేదు.

హెప్సిబా వేదిక దగ్గరికి వచ్చింది. "సార్, పిన్ను ఇస్తారా? పెట్టాలి."

"నా దగ్గర భద్రంగా ఉందిలేమ్మా. నువ్వెళ్లి సంగతేంటో చూడు." జేబు మీద తట్టారు. ఆ తట్టడం నాకు తగిలింది.

శాలువా కప్పుకున్న పెద్దమనిషిని రెండోసారి అడగటం ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు. ప్రిన్సిపాల్ కళ్లతోనే కసిరాడు. ఆమె వెళ్లింది. ఆమె వంగి చూస్తుండగా ఫోటోగ్రాఫర్ అడిగాడు, "సార్, ఇందాకటిది సరిగా రాలేదు. ఇంకోసారి నొక్కండి."

నొక్కారు.

విద్యార్థిని పిన్ను పెట్టకుండా, దాన్ని ఎక్కడో పారేసుకుని, రాకెట్ దగ్గరికి వెళ్లిందని, హెప్సిబా చావు మీద వేసిన విచారణ కమిటీ రాసింది. ఎందుకు పేలిందో తెలుసుకోవాలని అక్కడ ఎవరికీ లేదు.

ఆరు నెలలు నేను రంగనాయకులు గారి హాల్లో, అద్దాల బీరువాలో, జ్ఞాపికల పక్కన వేలాడాను. మొన్న డ్రైవర్ గఫూర్ తాళాలు ఇస్తూ అన్నాడు, "ఆ అమ్మాయి వాళ్ల నాన్న ఇంకా ఆ గ్రౌండ్‌లోనే తిరుగుతున్నాడంట సార్. ఆదివారం వస్తే చాలు, గడ్డి మొత్తం వెతుకుతాడంట."

"ఏం వెతుకుతాడు?"

"ఏదో పిన్నంట. ఎర్ర రిబ్బన్ ఉంటదంట. నా కూతురు పారేసుకునే మనిషి కాదు, అది దొరికితే చాలంటాడంట."

"పాపం" అన్నారు రంగనాయకులు గారు.

గఫూర్ వెళ్లాక బీరువా తెరిచారు. ఏదో ప్రారంభోత్సవంలో ఇచ్చిన కత్తెర అందులోనే ఉంది. నా రిబ్బన్ కత్తిరించి పొయ్యి మీద కాల్చారు. నన్ను సొరుగులో, పాత తాళంచెవుల మధ్య పడేశారు.

ఇవాళ ఆదివారం. సత్యానందం గడ్డిలో ఎర్ర రంగు కోసం వెతుకుతూ ఉంటాడు.