ఊరు విడవని గడ్డి

సూర్యాపేట పొలిమేరలో పశుగ్రాసాల మీద పరిశోధన చేసే చిన్న కేంద్రం ఒకటి ఉంది. అక్కడ పనిచేసే గీత రోజూ పొద్దున్నే తిరుమలగిరి బస్సు దిగి, చెప్పులు గట్టున విడిచి, రాత్రికి రాత్రి మడులు దాటిపోయిన మొక్కల్ని ఏరి తెచ్చుకునేది. ఆకలైన క్లోవర్ గడ్డి ఒకచోట నిలవదు కదా. మట్టిలో భాస్వరం తక్కువైతే వేళ్లు పైకి లాక్కుని, బలమున్న నేలను వెతుక్కుంటూ నడిచిపోతుంది.

"మేడమ్, ఇయ్యాల గూడ రాణమ్మ పత్తిలకే పోయినయ్," అనేవాడు కావలి తావుర్యా. "నిన్న డీఏపీ ఎరువు ఏసిందట. వాసన పట్టినట్టున్నయ్."

పక్క చేని రాణమ్మ విసుక్కునేది గానీ మొక్కల్ని తొక్కేది కాదు. గంపలో పెట్టి గట్టు మీద ఉంచేది.

గీత నాయిన బీరయ్యవి గొర్లు. తిరుమలగిరి ఎర్ర చెల్క నేలల్లో మేత దొరకదు గనుక ఏటా వరికోతలు కాగానే మందను మునగాల, కోదాడ దిక్కు తోలుకపోవాల్సిందే. ఆ మంద వెనక నడిచి పెరిగిన పిల్ల, నడిచిపోని మేతను పుట్టించాలని పట్టుబట్టింది.

బర్రెలకు వేసే బర్సీమ్ క్లోవరే. ఒత్తుగా ఆకు ఇస్తుంది గానీ బలమైన నేల కావాలి. దాని చుట్టం ఒకటి కొండరాళ్ల నడుమ పెరుగుతుంది. ఆకు గోరంతే, కానీ వేరు లోతుకు దిగి, ఉన్న కాస్త భాస్వరంతోనే బతికేస్తుంది. ఈ రెంటినీ కలపాలని గీత పంతం. సన్నని పట్టకారుతో పువ్వులోంచి కేసరాలు తీసి, రెండో దాని పుప్పొడి అద్ది, కాగితపు సంచి కట్టేది. కాయ పట్టేది, లోపలి పిండం చచ్చిపోయేది. మరుసటి చలికాలం మళ్లీ మొదలు. చివరికి, పిండం చావకముందే కాయ చీల్చి, కంటికి ఆనీ ఆనని ఆ ప్రాణాన్ని గాజు గొట్టంలో పెట్టి సాకింది. చాలా పోయాయి, కొన్ని బతికాయి. ఆకు పెరగడానికి వాటిని తిరిగి బర్సీమ్‌తో కలిపింది. ఏళ్లు గడిచాయి.

ఆ ఏడు ఆమె అన్న తిరుపతి భార్య అనురాధ కడుపుతో ఉంది. మొదటి కాన్పప్పుడు తిరుపతి మందతో కోదాడ అవతల ఉన్నాడు. అతను వచ్చేసరికి బిడ్డను పూడ్చిపెట్టేశారు. ఇప్పుడు దసరా దాటింది, మంద కదిలే కాలం దగ్గరపడింది.

"గొర్లను అమ్ముదం నాయినా. నేనైతే ఈసారి పోను," అన్నాడు తిరుపతి.

"అమ్మి ఏం జేస్తవ్‌రా?"

"మేళ్లచెరువుల సిమెంటు లారీల మీద పోత."

లారీ ఎక్కినా ఇంటిపట్టున ఉండేది లేదు. అనురాధ పొయ్యిలో కట్టెను ముందుకు తోసింది.

గీత అంది, "నాయినా, మన చెల్కల అన్నిటికన్న బలం లేని ఎకరం నాకియ్యి. పిడికెడు డీఏపీ గూడ ఎయ్యొద్దు. జర బోరు నీళ్లిస్తే సాలు."

"నిలవకపోతేనో?"

"అప్పుడు అన్న అన్నట్టే జేద్దం."

కేంద్రం అనుమతితో తను పుట్టించిన రకం గింజల్ని ఆ చెల్కలో చల్లింది. మూడేసి ఆకులు తొడిగాయి. ఒకరోజు తెల్లవారేసరికి సగం మడి ఖాళీ! మొక్కలు వరసగా బాట దాటి మునగాల దిక్కు పోతున్నాయి. తిరుపతి గంప అందుకుని పరుగెత్తబోయాడు. గీత అతని చెయ్యి పట్టుకుంది.

"పోనియ్యన్నా, అవి బర్సీమ్ పోలికవి. ఉన్నయి సూడు."

తిరుపతి వంగి ఒక మొక్కను గుంజాడు. రాలేదు. రెండు చేతులా గుంజాడు. ఆకు చిరిగింది గానీ వేరు కదల్లేదు. నేల మీద కూలబడి చెల్లెలి వంక చూశాడు.

నిలిచిన మొక్కలు నెల తిరిగేసరికి ఆ ఖాళీలన్నీ కప్పేశాయి. ఊళ్లో మందలు దుమ్ము లేపుకుంటూ కోదాడ బాట పట్టిననాడు బీరయ్య కొడవలితో తొలి కోత కోశాడు.

"వట్టి పచ్చిదే ఏస్తే కడుపు ఉబ్బుతది, జొన్న సొప్ప కలుపు నాయినా," అంది గీత.

"గొర్లోనికి గొర్ల సంగతి జెప్తున్నవా బిడ్డా?" అని నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

సంక్రాంతి పోయాక ఒక మధ్యాహ్నం అనురాధకు నొప్పులొచ్చాయి. తిరుపతి మడిలోంచి పరుగెత్తుకొచ్చి, ఆమెను ఎత్తి ఆటోలో కూర్చోబెట్టి, సూర్యాపేట దవాఖానకు తీసుకపోయాడు. దారి పొడుగునా ఆమె అతని చెయ్యి వదల్లేదు.

పొద్దు వాలకముందే కాన్పు గది తలుపు తెరుచుకుంది. నర్సు చేతుల్లో మెత్తని గుడ్డలో చుట్టిన ఆడపిల్ల, గొంతు చించుకుని ఏడుస్తోంది.

"అనురాధ ఇంటాయన ఎవరు? ఉన్నడా?"

"ఉన్న," అన్నాడు తిరుపతి, వరండా అంతా తిరిగి చూసేటట్టు. "గీడనే ఉన్న."