పంచదార డబ్బా మీద పడ్డ నింద

నేను ఒక స్టీలు డబ్బాని. వంటింటి గూట్లో ఉప్పుకీ కాఫీపొడికీ మధ్య నిలబడే రకం. రేకుగా పుట్టి, ప్రెస్సు కింద నలిగి, పాలిష్ చక్రం మీద ఒళ్ళంతా రాపిడి పెట్టించుకుని, విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక సామాన్ల కొట్టుకి చేరాను. నన్ను కొన్నావిడ పేరు చిన్నమ్మడు. కొన్నాక ఊరుకుందా? మిషనుతో నా భుజం మీద తన పేరు కొట్టించింది. ఆ చురుకు నాకింకా గుర్తుంది. మనుషులకి ఏ వస్తువు చేతికొచ్చినా ముందు పేరు వేసుకోవాలి, ఆ తర్వాతే వాడుకోవాలి.

ఆవిడ నాలో పోసింది పంచదార. అది రేషను షాపు ముందు క్యూ కట్టి తెచ్చుకునే కాలం. చుట్టాలొస్తే టీ, పండగొస్తే పరమాన్నం, పిల్లాడు జ్వరం నుంచి లేస్తే ఒక చిటికెడు. అంతే. ఆ ఇంట్లోకి తీపి వచ్చిందంటే నా మూత తీసిన చప్పుడు వినిపించాల్సిందే. ఎవరు తిన్నారో, ఎంత తిన్నారో అందరికీ తెలిసేది. నేను దాచింది ఏమీ లేదు. ఈ మాట ముందే చెప్పి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత నా మీద పడ్డ నింద అలాంటిది.

చిన్నమ్మడు పోయాక నేను ఆవిడ కోడలు నూకరత్నం చేతికొచ్చాను. కోడలంటే పరాయిది కాదు, సొంత అన్న కూతురే. అందుకే మొగుణ్ణి "బావా" అనే పిలిచేది. ఆ బావ పైడిరాజు ఆర్టీసీ డ్రైవరు. విజయనగరం నుంచి రాజాం మీదుగా పాలకొండ వెళ్ళే బస్సు ఆయనది. ఆ రోడ్డులో ఏ గతుకు ఎక్కడుందో ఆయన ఒంటికి తెలుసు. స్టీరింగ్ పట్టుకుంటే తప్ప తిన్నగా కూర్చోలేని మనిషి. ఇంట్లో పీట మీద కూర్చున్నా కుడికాలు బ్రేకు కోసం వెతుకుతున్నట్టే ఉండేది.

ఒక ఏడాది డ్రైవర్లకి జరిపే వైద్య పరీక్షలో ఆయనకి షుగరు బయటపడింది. డాక్టరు మందులు రాశారు, అన్నం తగ్గించమన్నారు, తీపి పూర్తిగా మానెయ్యమన్నారు. మళ్ళీ పరీక్షకి తగ్గకపోతే బస్సు ఇవ్వరని కూడా చెప్పారు.

"ఇదంతా ఈ డబ్బా సేసిందే" అని నూకరత్నం ఆ సాయంత్రమే నన్ను బోర్లించింది. నాలో ఉన్న పంచదారంతా పక్కింటావిడ చీర కొంగులో పోసేసి, నన్ను బూడిదతో తోమి ఎండలో పెట్టింది. ఖాళీ అయినందుకు నాకేం బాధ లేదు. పైడిరాజు నాకూ కావలసినవాడే కదా! "నా కడుపు మాడితేనేం, ఈయన బస్సు ఆగకపోతే చాలు" అనుకున్నాను.

మర్నాటి నుంచి ఆ ఇంటికి కొత్త సరుకులు రావడం మొదలైంది. టీ మానిపించి, పొద్దున్నే పాలల్లో కలిపే బలం పొడి తెచ్చింది. దాని సీసా మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ. తెల్ల బ్రెడ్డు బదులు గోధుమ రంగు బ్రెడ్డు వచ్చింది. చప్పిడి తిండి సహించడం లేదని ఆయన అంటే చపాతీల్లోకి టమాటా సాసు సీసా వచ్చింది. ఎండన పడి బండి తోలతాడని మామిడి రసం డబ్బాలు కూడా. ఇక నా కడుపులో పడ్డవి బిస్కెట్లు. పేకెట్టు మీద గోధుమ కంకులు, "పీచు పుష్కలం" అన్న మాట. డ్యూటీలో ఆకలేస్తే తినడానికి నన్ను సంచిలో పెట్టి బస్సులోకి పంపేది.

ఆ బిస్కెట్లు నాలో పడ్డ మొదటి రోజే నాకు అర్థమైపోయింది. ఏళ్ళ తరబడి పంచదారతో కాపురం చేసినదాన్ని, దాని వాసన నాకు తెలీదా? వేషం మార్చి వచ్చింది గానీ మనిషి అదే. గోల పెట్టాలనిపించింది. డబ్బా గోల ఎవరు వింటారు? మహా అయితే మూత కొంచెం గలగలలాడుతుంది, ఎవరో ఒకరు దాన్ని ఇంకా గట్టిగా నొక్కుతారు.

కూతురు ఝాన్సీ డిగ్రీ చదువుతోంది. వేలికి పొడిచి షుగరు చూసే మిషను ఆ అమ్మాయే కొనితెచ్చింది. చూశారు. తగ్గలేదు. ఇంకో వారం ఆగి చూశారు. తగ్గకపోగా పెరిగింది. నూకరత్నం మొహంలో రంగు మారింది.

"బావా, నిజం సెప్పు. రాజాం బస్టాండులో మైసూర్‌పాకు కొట్టు ముందే కదా నీ బస్సు ఆగేది?"

"ఆగితే?"

"తింతన్నావా?"

"నాను తిన్నేదు రత్నం. పైడితల్లమ్మ మీద ఒట్టు."

"మరి సుగరెలాగ పెరిగింది? గాల్లోంచి దిగిందేటి? ఇంట్లో పంచదార పలుకు గుండ నేదు. నా సేత్తో నాను డబ్బా కడిగీసినాను!"

పైడిరాజు కలుపుతున్న ముద్ద కంచంలో వదిలేశాడు. తర్వాత అన్నాడు. "ఇన్నేళ్ళ కాపరంలో నీకు నాను ఎప్పుడైనా అబద్ధం సెప్పినానా?"

"సెప్పినోళ్ళు సెప్పినామని సెప్తారేటి?"

ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మాటలు సగమైపోయాయి. ఆమె వడ్డించేది, ఆయన తినేవాడు. చొక్కా ఉతికేముందు జేబులు తడిమి చూసేది, తీపి ముక్క ఏదైనా అంటుకుందేమోనని. ఆయన అది చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. దొంగని పీటేసి కూర్చోబెట్టి, ఇంటాయన జేబులు వెతుకుతోందే ఈవిడ!

చివరికి నూకరత్నం ఒక పని చేసింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని, పొద్దున్న తొలి ట్రిప్పుకే బస్సెక్కి డ్రైవరు సీటు వెనకాల కూర్చుంది. కండక్టరు నవ్వి, "వదినా, అన్నకి కాపలా వచ్చినావేటి?" అన్నాడు. ఆమె నవ్వలేదు. పైడిరాజు అద్దంలో ఒకసారి ఆమెని చూసి గేరు వేశాడు. ఇంజను పక్కన సంచిలో నేనున్నాను.

రాజాంలో టీ అందరూ తాగారు, ఆయన తాగలేదు. పాలకొండలో ఎవరో ప్రయాణికుడు శుభలేఖతో పాటు లడ్డూ చేతిలో పెడితే, ఆయన దణ్ణం పెట్టి కండక్టరుకి ఇచ్చేశాడు. ఆమె కళ్ళార్పకుండా చూసింది. మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే ఆమే సంచిలోంచి మామిడి రసం తీసి, "పళ్ళ రసమే, తాగు బావా" అంది. తాగాడు. ఆకలేస్తే నా మూత తీసి బిస్కెట్లు తిన్నాడు. ఆమె ప్రేమగా ఇంకో రెండు తీసి ఇచ్చింది. నేను లోపల గిలగిలా కొట్టుకున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చాక ఝాన్సీ మిషను తీసింది. అంకె ఎప్పటిలాగే ఎక్కువే ఉంది. పైడిరాజు వేలు తుడుచుకుని, "ఇప్పుడేటంటావు?" అని మాత్రం అడిగి వీధిలోకి వెళ్ళిపోయాడు.

నూకరత్నం గుమ్మంలో కూర్చుంది. రోజంతా ఆమె కళ్ళముందే ఉన్నాడు ఆయన. ఆయన నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ ఆమె చేత్తో పెట్టిందే. ఆ మాట ఆమె బుర్రలోకి మెల్లగా దిగడం నేను చూశాను. ఉన్నట్టుండి లేచి, బలం పొడి సీసా, సాసు సీసా, బ్రెడ్డు, బిస్కెట్లు, తాగేసిన మామిడి రసం డబ్బాతో సహా తెచ్చి కూతురి ముందు కుప్ప పోసింది.

"ఝాన్సీ, ఈటి మీద ఏటి రాసుందో సదువు. ముందు పక్క బొమ్మలు కాదు, యెనకాల."

వెనకాల అక్షరాలు చీమ కాళ్ళలా ఉన్నాయి. ఝాన్సీ ఫోనులో ఫోటో తీసి పెద్దవి చేసి చదివింది. "ఎక్కువగా వేసిందాని పేరు ముందు రాస్తారమ్మా, తక్కువది చివర. ఈ పొడిలో గింజల పేరు తర్వాత రెండోదే పంచదార. బిస్కెట్లలో పంచదార ఉంది, మళ్ళీ ఇన్వర్ట్ సిరప్ అని ఉంది. ఇదిగో, గ్లూకోజ్ సిరప్. డెక్స్‌ట్రోజ్. మాల్టోడెక్స్‌ట్రిన్…"

"అయ్యన్నీ ఏటి?"

"అన్నీ ఒకటే. ఒంట్లోకెళ్తే షుగరే."

"ఒక్క పంచదారకి ఇన్ని మారు పేర్లా? గజదొంగలకి గుండ ఇన్నుండవు కదే!"

ఝాన్సీ ఇంకోటి చూపించింది. పేకెట్టు మీద అంకె చిన్నదిగానే ఉంది, కానీ అది రెండు బిస్కెట్లకి మాత్రమే. నాన్న తినేది రెండు కాదుగా. "నాలుగు గ్రాములంటే సుమారు ఒక చెంచా అనుకోమ్మా" అంది. నూకరత్నం వెంటనే పక్కింటికి పోయి, తాను ఇచ్చేసిన పంచదారే కొంచెం అడిగి తెచ్చింది. నాలోంచి బిస్కెట్లు దులిపేసింది. కూతురు లెక్క చెప్తుంటే, ఆ రోజు పైడిరాజు తిన్నవాటికి సరిపడా పంచదార చెంచాతో నాలో పోసింది. పొద్దుటి పాలకి పోసింది. బ్రెడ్డుకి పోసింది. సాసుకి పోస్తూ, "పులుపుకి గుండానా!" అంది. మామిడి రసం దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. ఝాన్సీ "ఇంకా పొయ్యమ్మా, ఇంకా" అంటూనే ఉంది.

పైడిరాజు తిరిగొచ్చేసరికి ఆమె నన్ను ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఆయన లోపలికి తొంగిచూసి, "మళ్ళీ పంచదార తెచ్చినావేటి?" అన్నాడు.

"ఇదంతా ఇయ్యాల నువ్వు తిన్నది బావా. నీకెవులూ పెట్టనేదు. నానే పెట్టినాను." ఆ మాట అన్నాక ఆమెకి ఏడుపు ఆగలేదు. "నిన్ను దొంగని సేసినాను."

ఆయన పక్కన కూర్చున్నాడు. ఆమెని ఓదార్చడం రాదాయనకి. నన్ను తీసుకుని, లోపలి పంచదారని వేలితో కదిపి చాలాసేపు చూశాడు. "ఇన్నాళ్ళూ టీ మానీసి సచ్చినాను కదే" అన్నాడు చివరికి. అందులో కోపం కంటే ఆ పోయిన టీల మీద బెంగే ఎక్కువగా వినిపించింది.

ఇక్కడితో కథ సుఖంగా అయిపోతే బాగుండును. వైద్య పరీక్ష దగ్గర పడిపోయింది. ఆ కొద్ది రోజుల్లో ఏం తగ్గుతుంది? పరీక్షలో షుగరు ఎక్కువే వచ్చింది, చూపు కూడా కొంచెం మసకబారిందన్నారు. ఆయన్ని స్టీరింగ్ మీద నుంచి దింపి డిపో గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. తన బస్సుని వేరేవాడు తోలుకుంటూ గేటు దాటుతుంటే ఆయనే లేచి గొలుసు దించాలి. ఇంటికొచ్చి చెప్పేవాడు కాదు. అన్నం తినేటప్పుడు కుడికాలు మాత్రం కదిలేది కాదు.

నూకరత్నం కోపమంతా సూపర్‌మార్కెట్టు మీద చూపించింది. "పంచదార లేనిది సూపించు బాబూ" అంటే, అక్కడి కుర్రాడు ఖర్జూరం పాకం వేసింది ఒకటి, తేనె వేసింది ఒకటి, బెల్లంతో చేసింది ఒకటి తీసి పెట్టాడు. "ఇవి నేచురల్ అమ్మా" అన్నాడు. "నేచురలో గీచురలో, నా మొగుడి నెత్తురుకి తెలుస్తాదేటి?" అని అన్నీ మళ్ళీ గూట్లో పెట్టించింది. ఝాన్సీ ఫోనులో చదివి చదివి విసిగిపోయింది. పుల్లటి పచ్చడి సీసాలో కూడా పంచదార కనిపించిన రోజు తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఏమీ కొనకుండా ఉట్టి సంచితో ఇంటికొచ్చారు.

ఆ తర్వాత అంతా ఇంట్లోనే. పొద్దున్న చోడి అంబలి, అదే రాగి జావ, మజ్జిగ పోసి, ఉప్పేసి. సాసు బదులు రోట్లో నూరిన టమాటా పచ్చడి. ఎండకి నిమ్మకాయ పిండిన ఉప్పునీళ్ళు. నా కడుపులో వేయించిన సెనగలు. మొదట్లో ఆయన ముద్ద దిగక మొహం చిట్లించేవాడు, ఆమె కసిరేది, ఇద్దరూ దెబ్బలాడుకునేవారు. ఎన్నాళ్ళో పట్టింది గానీ, నాలుక మెల్లగా దారికొచ్చింది. చుట్టాలింట్లో టీ తాగి, "అబ్బ, ఇంత తీపెలాగ తాగుతార్రా!" అన్నాడొకసారి. ఆమె పక్కకి తిరిగి నవ్వుకుంది.

అంకె దిగడం మొదలైంది. పడుతూ లేస్తూ, మందులతో, నడకతో, మొత్తానికి దిగింది. చూపు కూడా పరీక్షకి సరిపడా కుదురుకుంది. ఆయనకి మళ్ళీ బస్సు ఇచ్చారు. పాలకొండ బస్సు కాదు. అది వేరొకరిదైపోయింది. ఊళ్ళో తిరిగే చిన్న బస్సు, స్టాపు స్టాపుకీ ఆగేది. అయినా ఆ పొద్దున్న ఖాకీ చొక్కా తొడుక్కుంటుంటే గుండీలు ఒక పట్టాన పడలేదు. నూకరత్నం వచ్చి పెట్టింది.

ఆ సంబరానికి అనకాపల్లి నుంచి ఆమె చెల్లెలు కొండమ్మ వచ్చింది. తిరిగి వెళ్ళేటప్పుడు నన్ను చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "డబ్బా గట్టిదక్కా, నాను అట్టుకుపోతాను" అంది. మనుషులు మమ్మల్ని అడగరు కదా. నూకరత్నం సెనగలు తీసేసి నన్నిచ్చింది. ఇస్తూ జాగ్రత్తలన్నీ చెప్పింది. కొండమ్మ తలాడించింది.

"బావకి సుగరొచ్చినప్పుడే మా ఇంట్లో పంచదార మానీసినామక్కా. పలుకు గుండ నేదు."

"మరి టీలో?"

"బెల్లం."

"బెల్లం గుండ పంచదారేనే!"

కొండమ్మ గలగలా నవ్వింది. "అనకాపల్లోలితోటి బెల్లం సెడ్డదంటావేటక్కా!"

ఇప్పుడు నేను అనకాపల్లిలో ఉన్నాను. నా నిండా బెల్లం. టీలో వేస్తారు, చపాతీలో చుట్టుకుంటారు, ఊరికే కూడా చప్పరిస్తారు. కొండమ్మ మొగుడు అప్పలసూరి మంచివాడు, వచ్చిన వాళ్ళందరికీ "మా ఇంట పంచదార అడుగెట్టదు" అని గొప్పగా చెప్పుకుంటాడు. ఈ మధ్య ఆయనకి దాహం ఎక్కువైంది. కూర్చుంటే లేవలేకపోతున్నాడు, ఒంటి మీద పుండు పడితే మానడం లేదు. వేసవి వేడి అంటోంది కొండమ్మ. వేడి తగ్గుతుందని బెల్లం పానకం కలిపి ఇస్తోంది.

అరిచి చెప్పలేను. ఫోను చేసి నూకరత్నాన్ని పిలవలేను. కానీ ఈ ఊరి చెమ్మకి బెల్లం కరిగి నా మూత అంచు చుట్టూ జిగురు కట్టింది. అప్పలసూరి వస్తాడు, చంక కింద నన్ను ఇరికించుకుని మూత పట్టి లాగుతాడు, చెంచా పెట్టి ఎత్తుతాడు, తిట్టుకుంటాడు. ఒక్కోసారి విసుగెత్తి వదిలేసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతాడు.

నేను మూత వదలను.